అత్తమ్మ గాజుల చప్పుడు

సర్పంచ్ ఎలక్షన్ల నోటిఫికేషన్ పడ్డదో లేదో, మా స్టూడియో మెట్ల మీద చెప్పులు విడిచే జాగ లేకుండ అయింది. స్టూడియో అంటే పెద్దగ ఊహించుకోవద్దు. సూర్యాపేటల కూరగాయల మార్కెట్ వెనుక గల్లీల ఒక కిరాణం దుకాణం మీది అర్ర. గోడలకు నల్ల స్పంజు అంటిచ్చినం, కిటికీకి పాత బొంత కట్టినం. నేను పాడుత. నా పెనిమిటి బిక్షపతి రికార్డు చేసి, గొంతు, డప్పు కలిపి మిక్సింగ్ చేస్తడు. మామూలు దినాలల్ల పెండ్లి పాటలు, యూట్యూబ్‌ల పెట్టుకునే ఫోక్ సాంగులు చేస్తం. ఎలక్షన్లు వస్తే మాత్రం పొద్దున ఉంగరం గుర్తు, పొద్దుమీకి కత్తెర గుర్తు. ఒకే ఊర్ల ఒకరి మీద ఒకరు నిలబడ్డోళ్ళు ఒకే మెట్ల మీద ఎదురుపడి, మొఖాలు తిప్పుకొని పోయేది. ఇద్దరినీ నేను ఒకే గొంతుతోని గెలిపియ్యాలె.

ఆ సీజన్ల మొదటి తకరారు తెచ్చింది జితేందర్. చిలుకూరు దిక్కు ఊరోడు, భూములున్న ఇంటి పిల్లగాడు, మొదటిసారి నిలబడ్డడు. పాట తీస్కపోయిన తెల్లారే మళ్ళ మెట్లెక్కిండు.

"అన్నా, పాట మంచిగనే ఉంది. వదిన గొంతు కూడ మస్తుంది. గని ఆటోల పెడితే చెవుల సూదులు గుచ్చినట్టైతుంది. మా అమ్మ వాకిట్లకొచ్చి బంజేయమన్నది."

"ఆటోల మైకు సెట్టు మంచిది కాదు," అన్నడు బిక్షపతి.

"కార్ల కూడ పెట్టి సూసిన అన్నా."

"కారుది కూడ గంతే ఉంటది."

జితేందర్ నా దిక్కు చూసిండు. నేను కింద చాప దిక్కు చూసిన. ఎందుకంటే అతను చెప్పింది నిజమే. ఒక ఏడాది సంది మా పాటలన్ని గట్లనే వస్తున్నయి. నేను 'స' అంటే పాము బుస కొట్టినట్టు వస్తది. గజ్జెల చప్పుడు పెడితే రేకు డబ్బాల మేకులు పోసి ఊపినట్టుంటది. నేను చెప్పి చెప్పి యాష్టకొచ్చిన. చెప్పినప్పుడల్లా ఒకటే మాట అనేటోడు.

"పూర్ణా, నీకు పాడొస్తది. ఇనుడు వేరే విద్య."

జితేందర్ పోయినంక బిక్షపతి చెవులకున్న హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పడేసిండు. "తప్పంత దీనిది. దీంట్ల సన్నసన్న చప్పుళ్ళు ఇనబడ్తలేవు. ఇనబడకపోతే నేనెట్ల సరిచేస్త? మంచియి కొనాలె."

అప్పటికే అటక మీద ఖాళీ డబ్బాలు వరుసగ ఉన్నయి. కొత్తవి వచ్చినప్పుడల్లా ఆయన ముందుగ పెట్టేది ఒకటే పాట, మా అత్తమ్మ పాడిన నాట్ల పాట. మొదటి మైకు కొన్నప్పుడు చిలుకూరుల అత్తగారింటి అరుగు మీద ఆమెను కూసోబెట్టి రికార్డు చేసిండు. మళ్ళ వానకాలానికి అత్తమ్మ లేదు. ఆ పాట ఫోన్ల నుంచి ఫోన్లకు, కంప్యూటర్ల నుంచి కంప్యూటర్లకు మారుకుంట వచ్చింది.

"అమ్మ నాటు వేసినట్టు చెయ్యి ఆడిచ్చుకుంట పాడింది," అనేటోడు. "గాజులు కలకల అంటయి. అవి ఇనబడితే హెడ్‌ఫోన్స్ మంచియి, లేకపోతే లేదు. గదే నా పరీక్ష."

ఈ నడుమ ఏవి పెట్టినా గాజులు ఇనబడ్తలేవని వాపస్ చేసుడో, అటక మీద పడేసుడో.

కోదాడల మా బిడ్డ రచన ఇంజినీరింగ్ చదువుతది, హాస్టల్ల ఉంటది. ఆడ మెయిన్ రోడ్డు మీద ఒక దుకాణంల స్టూడియో హెడ్‌ఫోన్స్ దొరుకుతయని అదే ఫోన్ చేసి చెప్పింది. బస్సుల ఇద్దరం పోయినం. ఆ పొద్దు రెండు పాటలు పాడేది ఉండె. అవి ఆపుకొని పోవుడు నాకు ఇష్టం లేదు. ఆ మాట అంటే బస్టాండ్ల నిలబడి కొట్లాట అయితదని ఊకున్న.

దుకాణమాయన కృష్ణా జిల్లా మనిషి, మర్యాదస్తుడు. ఒకదాని తర్వాత ఒకటి డబ్బాలు విప్పి పెట్టిండు. బిక్షపతి ఫోన్ల నాట్ల పాట పెట్టుకొని, కండ్లు మూసుకొని, తల వంచి వినబట్టిండు. ఒక్కొక్కటి తీసేసి తల అడ్డంగ ఊపిండు. దుకాణమాయన చూసి చూసి మెల్లగ అన్నడు.

"అన్నగారూ, నేను చెప్పాననుకోవద్దు. పాటలో ఉన్నదే హెడ్‌ఫోన్స్‌లో వస్తుందండి. లేనిది రాదు."

"పాటల ఉంది. నా చెవులతోని ఇన్న."

"ఎప్పుడు విన్నారు?"

"రికార్డు చేసినప్పుడు. దాని తర్వాత కూడ శానా దినాలు ఇన్న. గప్పుడు నా దగ్గర ఉన్నయి ఫోన్‌తోని వచ్చిన ఉత్త ఇయర్‌ఫోన్స్."

దుకాణమాయన విప్పిన డబ్బా ఒకటి మూసిండు. "మరి అప్పుడు వినబడినవి వీటిలో ఎందుకు వినబడవండీ," అన్నడు. అది జవాబో ప్రశ్నో నాకు అర్థం కాలే.

"పాట పాతగయ్యింది. కాపీలు చేసి చేసి పలుచనయ్యింది. మంచి దాంట్ల అయితే మిగిలింది గుంజి చూపిస్తది," అన్నడు బిక్షపతి. చివరికి అద్దాల బీరువాల ఉన్న అన్నింటికంటె పెద్దది తీపిచ్చుకున్నడు. ధర నేను అడగలే, ఆయన చెప్పలే.

రచన కాలేజి నుంచి ఉరుక్కుంట వచ్చేసరికి బేరం అయిపోయింది. బస్సెక్కే ముందట అది నన్ను పక్కకు పిలిచింది.

"మమ్మీ, డాడీ ఫోన్ మాట్లాడేటప్పుడు మాటలు సరిగ్గ వినిపించుకుంటలేడు. మొన్న ఫీజు అంటే తేజు ఎవరన్నడు."

"మీ డాడీ ఎవల మాట ఇంటడు," అన్న.

మర్నాడు పొద్దున ఆయన చాయ్ తాగనీకి కిందికి పోయిండు. బల్ల మీద కొత్త హెడ్‌ఫోన్స్ ఉన్నయి. చెవులకు మెత్తగ, దిండు లెక్క. ఏముందో దీంట్ల అని పెట్టుకొని నాట్ల పాట వేసిన.

గాజులు.

మొదటి చరణం మొదటి మాట నుంచే ఉన్నయి. సన్నగ, తడిసిన గాజుల లెక్క చప్పుడు, చెయ్యి పోయినప్పుడొకటి, వచ్చినప్పుడొకటి. గాజులే కాదు, ఇంకా ఏందేందో ఉన్నయి. అత్తమ్మ ఊపిరి తీసుకునేటప్పుడు ముక్కుపుడక దగ్గర సన్నగ ఈల లెక్క. దూరంగ మేక అరుపు. రెండో చరణానికి ముందు, పాట ఆగిన జాగల, బిక్షపతి గొంతు. పడుచు గొంతు. "నీళ్ళు తాగుతవానే?" అని. దానికి అత్తమ్మ ఏం అనలే. గొంతుల్నే చిన్నగ నవ్వింది. ఆ నవ్వు నేను అన్నేండ్లల్ల ఎన్నడు వినలే. అటక మీది పాత ఇయర్‌ఫోన్స్ తీసి పెట్టిన. ఆ నవ్వు లేదు, మేక లేదు. గాజులు మాత్రం ఉన్నయి. కొంచెం మసకగ, గని ఉన్నయి.

నేను హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద ఎట్లున్నయో గట్లనే పెట్టిన. ఆయన మెట్లెక్కి వచ్చి జితేందర్ పాట ముంగటేసుకున్నడు. కొత్త హెడ్‌ఫోన్స్ పెట్టుకొని పొద్దంత కూసున్నడు. పొద్దుమీకి స్పీకర్ల వినిపించిండు. ఎప్పటిలెక్కనే సూదులు.

"ఎట్లుంది?"

"కొంచెం ట్రెబుల్, గా పై చప్పుడు, తగ్గియ్యరాదు."

"ఇంత ఖరీదువి తెచ్చినంక కూడ నీది గదే పాట."

ఆయన అన్నం తిననీకి ఇంటికి పోయినంక నేను కుర్చీల కూసున్న. ఏ బటన్ ఏందో ఆయన ఎన్నడు నేర్పలే గని, ఏండ్లు పక్కన నిలబడి చూసిన. పై చప్పుడు తగ్గించుకుంట వచ్చిన. నా గొంతు నా గొంతు లెక్క అయ్యేదాక తగ్గించి, జితేందర్‌కు పంపిన.

తెల్లారి జితేందర్ ఫోన్ చేసిండు. బిక్షపతి స్పీకర్ ఆన్ చేసిండు.

"అన్నా, ఇప్పుడు కుదిరింది పాట. మా అమ్మ ఇంకోసారి పెట్టుమన్నది. ఏం చేసినవ్?"

"కొత్త హెడ్‌ఫోన్స్ తెచ్చిన తమ్మీ. మంచి సామాన్ ఉంటే సన్నం పని కూడ కనబడ్తది." ఫోన్ పెట్టి నా దిక్కు తిరిగిండు. మొఖం వెలిగిపోతుంది. "సూసినవా? నేను మొత్తుకుంటే ఇంటివా?"

నేను కూరగాయలు తెచ్చేది ఉందని కిందికి దిగిపోయిన. మార్కెట్ల ఏం కొన్ననో యాదికి లేదు. కోపం ఎవరి మీదనో కూడ తెల్వది. ఆ వారం వచ్చిన వాళ్ళందరికి ఆయన హెడ్‌ఫోన్స్ చూపిచ్చిండు, చెవులకు పెట్టిచ్చిండు. ఆయన మిక్సింగ్ చేసుడు, ఆయన పోయినంక నేను సవరించి పంపుడు. గిట్లనే నడిచింది.

గని గాజులు ఆయనను వదలలే. పాట ఫైల్ పాడైందని, హైదరాబాద్‌ల ఎవరో బాగు చేస్తరట అని, ఒకనాడు మధ్యాహ్నం ఆ పాటను పంపనీకి తయారైండు. నేను ఇగ ఆగలేకపోయిన.

"గాజులు ఉన్నయి," అన్న.

"యాడున్నయి?"

"పాటల్నే. మొదటి నుంచి ఉన్నయి."

"తమాషా చేయకు."

"పెట్టుకో. నేను చూపిస్త."

ఆయన హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నడు. పాట స్పీకర్లకు కూడ ఇచ్చి నేను ఎదురుంగ నిలబడ్డ. గాజులు మోగినప్పుడల్లా వేలు పైకి లేపిన. లేపిన, దించిన. లేపిన, దించిన. ఆయన నా వేలు దిక్కే చూస్తుండు. మొదలు నవ్విండు. తర్వాత నవ్వు ఆగింది. చెవుల మీద చేతులు పెట్టి హెడ్‌ఫోన్స్ గట్టిగ ఒత్తుకున్నడు. నా వేలు లేస్తనే ఉంది. పాట అయిపోకముందే ఆయన హెడ్‌ఫోన్స్ తీసి, వైరు మెలికలు లేకుండ చుట్టి, డబ్బాల పెట్టి మూత పెట్టిండు.

"జితేందర్ పాట సవరించింది నువ్వేనా?" అన్నడు.

"ఊ."

"మిగతాయి?"

నేను తల ఊపిన.

సూర్యాపేటల్నే చెవి డాక్టర్ దగ్గరికి పోయినం. అద్దాల డబ్బా అర్రల కూసోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలిచ్చి, చేతికి బటన్ ఇచ్చిన్రు. చప్పుడు వినబడితే ఒత్తాలె. బయట నుంచి చూస్తే మా స్టూడియోల కూసున్నట్టే ఉన్నడు. పరీక్ష చేసే అమ్మాయి బయట మిషన్ తిప్పుతుంది. ఆయన బొటనవేలు మొదలు టకటక ఒత్తింది. తర్వాత అప్పుడొకసారి ఇప్పుడొకసారి. తర్వాత వేలు కదలలే. అమ్మాయి తిప్పుతనే ఉంది.

డాక్టర్ గీతల కాగితం చూసుకుంట అడిగిండు. "మిల్లుల, ఫ్యాక్టరీల పని చేసిన్రా?"

"లేదు సార్. డీజే బండి ఉండె. బరాత్‌లు, నిమజ్జనాలు. పెండ్లి కాకముందు నుంచి, మా బిడ్డ బడికి పోయేదాక."

"బాక్సుల దగ్గరే నిలబడేవారా?"

"నడుమనే."

"డప్పు లాంటి లావు చప్పుళ్ళు మీకు బాగనే వినబడతయి. సన్నటివి పోయినయి. పోయినవి తిరిగి రావు. చెవి మిషన్ పెట్టుకుంటే మాటలు స్పష్టంగ వినబడతయి."

"పాటలు?"

"పాటలు కూడ కొంతవరకు," అన్నడు డాక్టర్. ఆ కొంతవరకు అనే మాట పట్టుకొని ఆయన మెట్లు దిగిండు. తనకు వినబడని సన్నటి చప్పుళ్ళను వినబడేదాక పెంచిండు, గందుకే మాకు సూదులు. మిషన్ సంగతి నేనెత్తితే ఆటో పిలిచిండు.

రెండ్రోజులకు బట్టలు సర్దుకొని మిర్యాలగూడ పోయిండు. ఆనందం శేటు అని మాకు తెలిసిన మిల్లు యజమాని ఉన్నడు. వానకాలం వడ్లు వచ్చే సీజన్, మనిషి కావాలని ఎన్నడో అన్నడట. పోతున్నా అని చెప్పిండు గని ఎప్పుడొస్తనో చెప్పలే. ఇటు స్టూడియోల ఇంకా పాటలు ఉన్నయి. పాడేది నేనే, రికార్డు చేసేది నేనే, మిక్సింగ్ నేనే. గొంతు వరకు చేసిన. డప్పు మాత్రం నా చేతికి రాలే. పెంచితే పాటనంత మింగుతుంది, తగ్గిస్తే అట్టముక్క మీద కొట్టినట్టుంటది. ఒక క్యాండిడేట్ అయితే "అక్కా, ఇది ఎలక్షన్ పాటనా, జోలపాటనా" అని మొఖం మీదనే అడిగిపోయిండు.

ఆ మాటకు మండి, మర్నాడే మిర్యాలగూడ బస్సెక్కిన.

మిల్లు గేటు ముంగట లారీలు ఊరవతల దాక నిలబడి ఉన్నయి. లోపల అడుగు పెడితే చప్పుడు ఛాతీకి తగులుతుంది. ఉడికిన వడ్ల వాసన, ఊక దుమ్ము. బిక్షపతి తలకు తువ్వాల కట్టుకొని లారీల వరుస చూస్తుండు. పక్కనే ఆనందం శేటు. నన్ను చూసి దగ్గరికొచ్చి ఒర్రిండు.

"రామ్మా. మీ ఆయనను నేను పిలవలే, పొమ్మనలే. వచ్చిండు, మంచిగ చేస్తుండు. నువ్వే మాట్లాడుకో." అంత దగ్గరున్నా గంత గట్టిగ ఒర్రుడు ఆయనకు అలవాటు. ఇంట్ల కూడ గట్లనే మాట్లాడుతడట.

"బయటికి రా," అన్న బిక్షపతితోని.

"గీడనే చెప్పు."

"డప్పు కుదుర్తలేదు," అన్న. ఆయనకు వినబడలే. ఈసారి ఒర్రిన. "డప్పు కుదుర్తలేదు నాకు." బస్తాలు దించే హమాలీలు తిరిగి చూసిన్రు.

"నా పాటలు సవరించి పంపినవ్ గద. ఇది కూడ సవరించుకో."

"చెప్తే ఇంటివా నువ్వు? ఏడాది సంది చెప్పిన."

"ఇనలే అనకు," అన్నడు. "నాకు ఇనబడలే. ఇననోనికి, ఇనబడనోనికి ఫరక్ ఉంది పూర్ణా. నువ్వు నన్ను ఇననోనిలెక్క జేసి, నేను పోయినంక కుర్చీల కూసున్నవ్."

నేను కొంగుతోని మొఖం మీది ఊక తుడుసుకున్న.

"మంచిగుందా మరి గీడ?" అన్న.

"మంచిగనే ఉంది. అందరు ఒర్రుతరు. ఏమన్నవ్ ఏమన్నవ్ అని అందరు అడుగుతరు. నేనొక్కన్నే చెవిటోన్ని కాదు."

"ఇంకా ఉన్నన్ని చెవులు కూడ పోతయి గీడ."

ఆయన భుజాలు ఎగరేసిండు. లారీ డ్రైవర్ ఎవరో పిలిస్తే అటు పోయిండు. నేను ఒక్కదాన్నే వాపస్ వచ్చిన. బస్సుల ఏడుపొస్తదేమో అనుకున్న. రాలే. ఒళ్ళంత దుమ్ము, చెవుల గుయ్యిమని చప్పుడు, అంతే. ఆ గుయ్యి సూర్యాపేట వచ్చేదాక పోలే. ఆయనకు ఇరవై నాలుగ్గంటలు ఇట్లనే ఉంటదా అని అప్పుడు మొదటిసారి అనిపించింది.

ఎలక్షన్లు అయిపోయినయి. జితేందర్ ఓడిపోయిండు. మెట్ల మీద చెప్పులు మాయమైనయి. స్పంజు గోడల నడుమ నేనొక్కదాన్నే కూసొని పాత పాటల డప్పు దిద్దుకుంట, దిద్దింది మళ్ళ చెడగొట్టుకుంట ఉన్న. అట్లాంటప్పుడు జితేందర్ వచ్చిండు.

"వదినా, ఒక పాట చేయాలె."

"ఎవల కోసం?"

"నాకే. ఓటేసినోళ్ళకు దండం పెడుతున్నట్టు. మా అమ్మ చెప్పింది, ఓడిపోయినా చెప్పాలెనట."

ఓడిపోయినోళ్ళు పాట చేపిచ్చుకునుడు నేనెక్కడ చూడలే. నవ్వొచ్చింది గని, మాట మంచిగనిపించింది. రాసుకొని పాడిన. గట్టిగ కాదు, నెమ్మదిగ, చెయ్యి పట్టుకొని మాట్లాడినట్టు. గొంతు కుదిరింది. డప్పు కుదరలే.

ఆ పాట మీదనే కూసున్న రోజు మెట్ల మీద అడుగుల చప్పుడైంది. బిక్షపతి. భుజానికి సంచి ఉంది, మీసాల ఊక దుమ్ము ఉంది. మిల్లు బందైందా, కొట్లాడి వచ్చిండా, ఏం చెప్పలే. నేను కుర్చీల నుంచి లేవబోయిన.

"కూసో," అని, పక్కన స్టూలు గుంజుకున్నడు. "పెట్టు."

"హెడ్‌ఫోన్స్?"

"నువ్వు పెట్టుకో. నాకు స్పీకర్ల ఇయ్యి."

పాట పెట్టిన. ఆయన అరచెయ్యి బల్ల మీద పరిచి, తల వంచి విన్నడు. అయిపోయినంక తల లేపిండు.

"గొంతు నువ్వు చూసుకో, దాని సంగతి నాకు తెల్వది," అన్నడు. ఆ మాట అంటున్నప్పుడు నా మొఖం దిక్కు చూడలే. "డప్పు సచ్చింది. కింది దెబ్బ లేపు."

"లేపితే నా గొంతు మునుగుతది."

"మునగదు. నడిమి చప్పుడు కోసి, కింది చప్పుడు లేపు. నువ్వు మొత్తం లేపుతున్నవ్, అందుకే మునుగుతుంది."

"ఎన్నడన్న చెప్పినవా నాకు?"

"ఇప్పుడు చెప్తున్న గద. లేపు."

"మునుగుతది అంటున్న."

"లేపవే."

కోపంతోనే లేపిన. పాట మళ్ళ మొదటి నుంచి నడిచింది. డప్పు నేల నుంచి లేచినట్టు వచ్చింది. దాని మీద నా గొంతు ఎక్కడుండాల్నో అక్కడ ఉంది. మునగలే. ఆ మాట నేను ఒప్పుకోలే. ఆయన కూడ ఒప్పించుకోలే. బల్ల మీది అరచెయ్యి తియ్యకుండనే, "ఇంకొంచెం," అన్నడు.